పద్నాలుగు అద్దాలు

ఎనిమిదింటికే వచ్చేశాడు అద్దాలాయన, తాడు తొమ్మిదింటికి గానీ తియ్యరని తెలిసి కూడా, ఎందుకంటే ఇంట్లో కూర్చుంటే భార్య తనవైపు చూస్తుంది, అదేం కోపపు చూపు కాదు, ఊరికే చూస్తుంది, దానికన్నా నాలుగు మాటలు అనేస్తే హాయి. ట్రాలీ ఆటో ముందుచక్రం సరిగ్గా పోలీసుల తాడు దగ్గర ఆగింది. తాడుకు అవతల వీధి, ఇవతల ఊరు. వెనక చెక్క స్టాండుకు అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు అద్దాలు నిలబడి ఉన్నాయి, మధ్యమధ్య పాత కాగితాలు, చుట్టూ గోనెపట్టా. మూడు స్పీడు బ్రేకర్లు దాటి, పైపుల కోసం తవ్వి వదిలేసిన రోడ్డు దాటి వచ్చినా ఒక్కదానికీ చిన్న గీత పడలేదు, అది తలుచుకుంటే మనసులో చల్లగా ఉంది. ఎండ కూడా బాగుంది, ఇంకా వేడెక్కని ఎండ, అద్దాల అంచుల మీద పడి ఆ ఆకుపచ్చ రంగు, ఎదురుగా చూస్తే కనిపించనిది, పక్కనుంచి చూస్తేనే తెలిసేది, తళతళలాడుతోంది. బాగుంది, అనుకున్నాడు. అనుకుని, ఏంట్రా బాగుంది నీ మొహం, నిన్న పొద్దున ఈ వీధిలో బాంబు పేలి ఏడుగురు పోతే నీకు ఎండ బాగుందా, అని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాక కూడా ఎండ బాగానే ఉంది.

నిన్న పదకొండింటికి ఫోన్ చేసింది బేకరీ బాబాయ్. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో దుకాణాల సంఘానికి ఆయన పెద్ద, అందుకని అందరికీ బాబాయే. "అబ్బాయ్, మళ్లీ పోయాయిరా," అన్నాడు. ఏం పోయాయని అడగాల్సిన పని లేదు. "ఎన్ని అద్దాలు?" అన్నాడు తను. "ముందు వరసంతా. పద్నాలుగూ." "ఫ్రేములు?" "వాటికేం కాలేదు." "అయితే రేపు పొద్దున్నే వచ్చేస్తా." అంతే, ఇద్దరూ ఫోన్ పెట్టేశారు. పాలాయనకు రేపు అరలీటరు ఎక్కువ పొయ్యమని చెప్పినంత తేలిగ్గా అయిపోయింది మాట. అప్పుడు అలా అనిపించలేదు, అప్పుడు చెయ్యి తనంతట తనే అలమరలోంచి కొలతల పుస్తకం తీసింది, అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండుతో నిలబడ్డ పుస్తకం, వీధికో పేజీ, దుకాణానికో వరస, పొడుగు, వెడల్పు, మందం. ఈ వీధిలో పేలడం పన్నెండేళ్లలో ఇది నాలుగోసారి, ఆ పేజీ మూడుసార్లు వాడిందే. మావయ్య బతికుంటే ఊరుకునేవాడు కాదు. పిల్లనిచ్చిన మావయ్యే పనీ నేర్పాడు, ఆయన లెక్కలో అద్దం కోసేముందు ఆ పూటే వెళ్లి ఆ ఫ్రేమునే కొలవాలి, చెక్క ఎండకు ఒక రకంగా ఉంటుంది, వానకు ఒక రకంగా ఉంటుంది, పుస్తకంలో రాసుకున్నది పాత కబురు అనేవాడు. కానీ పోలీసులు లోపలికి రానివ్వరు కదా, పుస్తకం ఉంది కదా, ఫ్రేములకేం కాలేదన్నాడు కదా, ఇలా మూడు కదాలు అనుకుని, బల్ల మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టేశాడు.

పని మాత్రం ఎంత బాగా జరిగిందని. కటర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి ఒక్క గీత, మధ్యలో ఆగకూడదు, వెనక్కి రాకూడదు, గీసిన చోట మళ్లీ గియ్యకూడదు, కొత్త గుడ్డ చించుతున్నట్టు సన్నగా ఒక చప్పుడు, అది తెగకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చిందంటే గీత పడ్డట్టే, బల్ల అంచుకు తెచ్చి బొటనవేళ్లతో నొక్కితే టక్. ఆ టక్ వినడం కోసమే తను ఈ పనిలో ఉన్నాడేమో. నిన్న పద్నాలుగుకు పద్నాలుగు, ఒక్కటి వృథా పోలేదు. ఏడో అద్దం దగ్గరో ఎనిమిదో అద్దం దగ్గరో రేడియోలో వార్తలొచ్చాయి, మృతులు ఏడుగురు, గాయపడినవారు ఇరవై ఇద్దరు, పేర్లు ఇంకా ప్రకటించలేదు, రాగల రెండు రోజుల్లో వాతావరణం పొడిగా ఉంటుంది. ఏడుగురేనా, అన్నాడు పైకే, కిందటిసారి పంతొమ్మిది మంది. ఏడుగురేనా, వాతావరణం పొడిగా ఉంటే పుట్టీ తొందరగా ఆరుతుంది, మంచిదే. ఈ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి ఒకే గొంతుతో అనుకున్నాడు. మధ్యమధ్య కూనిరాగం కూడా తీశాడట. ఆ సంగతి తనకు తెలీదు, భార్య చెబితే తెలిసింది.

చెప్పిందంటే రాద్ధాంతం ఏమీ చెయ్యలేదు. ఇవాళ పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ, "ఎవరెవరు పోయారట?" అంది. "తెలీదు." "బాబాయ్ గారు ఫోన్ చేశారుగా, అడగలేదా?" లేదన్నాడు. "మరేం అడిగారు?" అంటే, ఎన్ని అద్దాలని అడిగానన్నాడు. ఆవిడ తన గ్లాసులో టీ పోసుకుంటూ అంది. "నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను లెండి. నిన్న బట్టలు ఆరేస్తుంటే కింద వాటా వాళ్ల టీవీలో విన్నాను. చేతిలో తడి దుప్పటి ఉంది. ఆరేశాను, క్లిప్పులు పెట్టాను, మడత కూడా సరిచేశాను. అప్పుడు గుర్తొచ్చింది, బాంబు అంటున్నారే అని. లోపల మీరు కూనిరాగం తీస్తున్నారు. మా ఆయన పాట పాడుకుంటూ పని చేసుకుంటున్నాడు, ఎండ బాగా కాస్తోంది, బట్టలు ఆరిపోతాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. అలా అనుకున్నందుకు భయమేసిందండీ." ఆయన ఒక గుక్క తాగాడు. టీ బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. ఆవిడ అప్పుడు చూసింది ఆ చూపు.

మొదటిసారి పేలినప్పుడు ఆవిడే కదా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని, దూరపు పెదనాన్న కొడుకు తోడల్లుడి దాకా ఎవర్నీ వదలకుండా చేసి, క్షేమమేనా, పిల్లలు ఇంటికొచ్చారా, బయటికి వెళ్లకండి అని గొంతు పోయేదాకా అడిగింది, రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు ఫోన్లో చుట్టాల గుంపు ఒకటుంది, అందులో తన తమ్ముడు 'అందరూ క్షేమమేనా' అని ఒక ముక్క రాస్తాడు, వరసగా బొటనవేళ్లు వస్తాయి, అయిపోతుంది. పెద్దక్క ఆ వేలు కూడా పెట్టదు. పెద్దక్క పలకలేదంటే క్షేమంగా ఉన్నట్టు, పలికిందంటే కంగారు పడాలి. నిన్న కూడా పలకలేదు, అందరూ నిశ్చింతగా ఉన్నారు.

తాడు పక్కనే టీ కొట్టు, దాని బెంచీ మీద రిటైరైన మాస్టారొకాయన పేపరు విప్పుకుని ఊరంతటికీ క్లాసు తీసుకుంటున్నాడు. "జనానికి చీమ కుట్టినట్టయినా లేదమ్మా. మొదటిసారి మూడు రోజులు ఊరు ఊరంతా మూసేశారు. రెండోసారి ఒక రోజు. మూడోసారి ఒక పూట. ఇవాళ తొమ్మిదింటికి వీధి తెరిచేస్తారట! ఇంకోసారి పేలితే టీ చల్లారేలోగా తెరుస్తారు. మొద్దుబారిపోయాం, తోలు మందమైపోయింది మనకి." "నన్నేం చెయ్యమంటారు మాస్టారూ, టీ కాచడం మానెయ్యనా? మానేస్తే మొదట అరిచేది మీరే," అంది టీ కొట్టు ఆవిడ. "నేను టీ గురించి మాట్లాడుతున్నానా, మనిషి గురించి మాట్లాడుతున్నా." "మనిషి గురించే అయితే ముందా ఆటల పేజీ మడిచి పక్కన పెట్టండి." బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు, తాడు దగ్గర పోలీసు మొహం అటు తిప్పుకుని నవ్వాడు, మాస్టారు కూడా నవ్వేసి పేజీ మడిచాడు. అద్దాలాయన కూడా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే చేతిసంచీ పట్టుకున్న ఒకావిడ గబగబా వచ్చి "ఎప్పుడు తెరుస్తారు?" అని పోలీసును అడిగింది, తొమ్మిదింటికన్నాడు, "అబ్బ, చుట్టూ తిరిగి వెళ్లాలా," అని వాచీ చూసుకుని వెనక్కి మళ్లింది. తర్వాత స్కూటరు మీద ఇద్దరు, తర్వాత పెరుగు డబ్బాలాయన. అద్దాలాయన ఆటోలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే లెక్కపెట్టాడు, పదహారు మంది అడిగారు, పదహారు మందీ ఎప్పుడు తెరుస్తారనే అడిగారు. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. పోలీసు చేతి కింద అట్టకు క్లిప్పు పెట్టి కాగితం ఉంది, అందులో పేర్లున్నాయి, కావాలంటే చెబుతాడు, మంచివాడిలాగే ఉన్నాడు. అయినా తను ఆటో దిగలేదు. పదిహేడో వాడు తనే.

మావయ్యతో వచ్చిన ఆ మొదటిసారి ఇదే చోట నిలబడ్డారు. తనకప్పటికి పెళ్లయి ఆరు నెలలు, చేతికి పని ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. వీధిలోకి వెళ్లి కొలవబోతే టేపు నిలవలేదు, వణుకు, అంకెలు చూస్తుంటే ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, మావయ్య టేపు లాక్కుని "నువ్వు రాయి, నేను చూస్తా" అన్నాడు, రాస్తే పెన్నూ వణికింది, పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ కోడి గెలికినట్టే ఉంటుంది. ఇంటికెళ్లి కోస్తే వరసగా మూడు అద్దాలు అడ్డంగా పోయాయి. మావయ్య తిట్టలేదు, ఎప్పుడూ తిట్టే మనిషి ఆ రోజు తిట్టలేదు, "చెయ్యి వణికితే అద్దానికి తెలిసిపోతుందిరా, లేచి అలా తిరిగిరా" అన్నాడు, తను పెరట్లోకి వెళ్లి కుళాయి కింద తలపెట్టి ఏడ్చాడు, ఎవరి కోసం ఏడ్చాడో తెలీదు, ఆ వీధిలో తనకప్పుడు ఒక్కరూ పరిచయం లేరు. రెండోసారికి ఒకే ఒక్క అద్దం పగిలింది. మూడోసారికి ఏమీ పగల్లేదు, మావయ్య అప్పటికి లేడు, ఉంటే శభాష్ అనేవాడని గర్వపడ్డాడు కూడా. చెయ్యి కుదిరిందనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇవాళ ఆటోలో కూర్చుని ఆలోచిస్తుంటే కుదిరింది చెయ్యా, లేక లోపల ఇంకేదైనా ఎండిపోయిందా అని అనుమానంగా ఉంది. అప్పుడు తెలియని మనుషుల కోసం ఏడ్చినవాడు, ఇప్పుడు తెలిసిన వీధిలో, పేరుపేరునా ఎరిగిన వీధిలో, ఎవరున్నారో ఎవరు లేరో అడక్కుండా పాట పాడుతూ అద్దాలు కోశాడు. ఇది తలుచుకుంటే సిగ్గేసింది. కాసేపే. ఒక పిచ్చుక వచ్చి చివరి అద్దం అంచు మీద వాలింది, జారిపోయి మళ్లీ వాలింది, దాని అవస్థ చూస్తూ సిగ్గు సంగతి మరిచిపోయాడు.

అసలు ఏడుస్తూ కూర్చుంటే ఎవరికి లాభం, అని లోపల ఇంకో గొంతు. మనిషన్నాక తిండి తినాలి, బట్టలు ఆరేసుకోవాలి, కిటికీలు మూసుకోవాలి. బాంబు పెట్టినవాడికి కావలసింది నువ్వు వణకడమే కదా, వణక్కపోతే వాడు ఓడిపోయినట్టే కదా. ఈ మాట కిందటిసారి ఎవరో టీవీలో అంటే విన్నాడు, అప్పుడు ఎంతో నచ్చింది, ఇప్పుడూ నచ్చుతోంది, కాకపోతే నిన్న తను కూనిరాగం తీసింది ఎవర్నో ఓడించడానికి కాదు, ఆ ముక్క తనకు బాగా తెలుసు. ఊరికే తీశాడు. ఊరికే సంతోషంగా ఉన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు అప్పు లేని ఇల్లు, నొప్పి లేని నడుము, చెప్పినట్టు తెగే అద్దం, ఇంతకన్నా మనిషికేం కావాలి, సంతోషంగా ఉండటం కూడా తప్పేనా.

గోనెపట్టా కింద ఉన్నవి అద్దాలు కావు, మనుషులు, అనిపించింది ఉన్నట్టుండి. ముందున్న చిన్నవి రెండూ బేకరీ బాబాయ్‌వి, ఆయన ఉన్నాడు, ఫోన్ చేశాడుగా. వాటి వెనక మందుల షాపు, ఆ షాపులో అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్లుగా మాట్లాడుకోరు, చీటీ మీద రాసి ఇచ్చిపుచ్చుకుంటారు. తర్వాత కళ్లజోళ్లాయన, తన అద్దాల ముందు నీ అద్దాలెంత అని ప్రతిసారీ ఒకే జోకు వేస్తాడు, ప్రతిసారీ తను నవ్వుతాడు. సెలూన్. పుస్తకాల కొట్టు. ఇటువైపు చివర నుంచి రెండోది టైలరక్క కిటికీ. ఆవిడది నోరు కాదు, కత్తెర. అద్దం బిగించాక తడిగుడ్డతో రెండుసార్లు తుడిపిస్తుంది, రోడ్డు అవతల నిలబెట్టి "బొమ్మ మీద గౌను సరిగ్గా కనిపిస్తోందా?" అని అడుగుతుంది, కనిపిస్తోందక్కా అంటే "నీకేం తెలుసు" అంటుంది, కానీ తన కూతురి స్కూలు బట్టలు ఏటా ఆవిడే కుడుతుంది, పిల్ల ఎదుగుతుందని లోపల నాలుగు వేళ్ల మడత వదిలి కుడుతుంది. అన్నిటికన్నా పెద్దది, స్టాండుకు ఆనుకుని ఉన్నది, గడియారాల తాతగారిది. పద్నాలుగుకు పద్నాలుగు కొలతలూ పుస్తకం చూడకుండా చెప్పగలడు. వాటి వెనక మనుషుల్లో ఎవరున్నారో మాత్రం చెప్పలేడు. దిగి, పది అడుగులు వేసి, ఆ పోలీసును అడిగితే తెలిసిపోతుంది. తెలిస్తే ఈ పద్నాలుగులో ఒకటో రెండో ఎవరికీ అక్కర్లేని అద్దాలవుతాయి. అడగనంతసేపూ అందరూ ఉన్నట్టే, టైలరక్క తిడుతున్నట్టే, తాతగారు గడియారాలకు కీ ఇస్తున్నట్టే. ఇది తెలిశాక కొంచెం తెరిపిన పడ్డాడు, అంటే తను మరీ అంత రాయి కాదన్నమాట, భయపడుతున్నాడన్నమాట. భయం ఉందని తెలిసి ఇంత సంతోషించిన మనిషి ఇంకొకడుండడు.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగానే పోలీసు తాడు విప్పి చుట్ట చుట్టాడు. అప్పటిదాకా చుట్టూ తిరిగి వెళ్తున్న జనం బిలబిలమని లోపలికొచ్చేశారు. అద్దాలాయన ఆటోను నడక వేగంతో పోనిచ్చాడు. పేలింది బస్టాపు దగ్గర, అక్కడుండే రేకుల పందిరి ఇప్పుడు లేదు, నేల నల్లగా ఉంది, మిగతా వీధంతా ఊడ్చి నీళ్లు చల్లి ఉంది, చీపుళ్ల కింద గాజుపెంకుల చప్పుడు వీధి చివర ఇంకా వినిపిస్తోంది. ఈ వీధిలో బండి పెట్టుకోవడానికి ఎప్పుడూ చోటుండదు, ఇవాళ అదృష్టం, బేకరీకీ గడియారాల దుకాణానికీ మధ్య గోడవార నీడలో సరిగ్గా ఆటో పట్టేంత చోటు ఖాళీగా, తడిగా, శుభ్రంగా ఉంది, సంతోషించి అక్కడే పెట్టాడు. దిగగానే ఎదురైన మొదటి మొహం బాబాయ్‌ది. రెండోది కళ్లజోళ్లాయనది, నుదుటి మీద ప్లాస్టరు, "వచ్చావా, నా అద్దాల ముందు నీ..." అని మొదలుపెట్టాడు, అద్దాలాయన అతని భుజం పట్టుకుని గట్టిగా ఊపేశాడు. సెలూన్ ఆయన ఉన్నాడు. పుస్తకాల కొట్టాయన ఉన్నాడు. మందుల షాపు అన్నదమ్ములిద్దరూ ఒకే గుమ్మంలో పక్కపక్కన నిలబడి "అప్పుడు నువ్వెక్కడున్నావ్ రా", "నీ వెనకే ఉన్నాన్రా" అని నిన్నటి సంగతి నోటితో చెప్పుకుంటున్నారు, పన్నెండేళ్ల తర్వాత! ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది, అద్దాలు దించుతూ మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ పోయాడు, ఒక్కొక్క మొహం కనిపించినప్పుడల్లా గుండెల మీద నుంచి ఏదో దించేసినట్టుంది, ఏడుగురు పోయారన్న సంగతి పోయి వీధి వీధంతా బతికిందన్న సంగతే మిగిలింది.

టైలరక్క కిటికీ దగ్గరికొచ్చి అద్దం ఎత్తి పెట్టబోతే పైన జానెడు ఖాళీ, పక్కన బెత్తెడు ఖాళీ. వెనక్కి తీసి మళ్లీ పెట్టాడు. అద్దం చిన్నదైంది. పుస్తకం తప్పా, చెయ్యి తప్పా అని చూస్తుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది. "అటు తిప్పినా ఇటు తిప్పినా సాగదు, అది రబ్బరు కాదు." గడ్డం కింద చిన్న కట్టు కట్టుకుని, మెడలో టేపు వేలాడుతూ, బతికి, నిక్షేపంగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది టైలరక్క. "రెండు నెలలైంది కిటికీ పెద్దది చేయించి. నీకు ఫోన్ చేశా, ఎత్తావా? పక్కవీధి వడ్రంగిని పిలిచా. ఏం, కొలవకుండానే కోసుకొచ్చేశావా? అంటే మళ్లీ పేలుతుందని నీకు ముందే ఖాయమన్నమాట, ఏ కొలతకు పగులుతుందో కూడా రాసి పెట్టుకున్నావన్నమాట! చచ్చేదాకా అదే కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలా నేను? ఇంకో బొమ్మ కొన్నా, రెండు బొమ్మలు నిలబెడతా, నీకేమైనా అభ్యంతరమా?" "లేదక్కా." "నవ్వుతావేం?" "తిట్టక్కా, ఇంకో రెండు తిట్టు," అన్నాడు, నిజంగానే ఆ తిట్లు ఒంటికి పట్టేలా వింటూ. పన్నెండేళ్ల పనిలో కొలత తప్పడం ఇదే మొదటిసారి, తప్పినందుకు ఇంత హాయిగా ఉంటుందని ఎవరు చెబితే నమ్ముతాడు. టేపు తీసి కొలిచాడు, ఇవాళ, ఇప్పుడు, ఈ ఫ్రేమునే. ఆవిడ తిడుతూనే ఆటో దాకా వెంట వచ్చింది.

చివరిది తాతగారి పెద్ద అద్దం. తాతగారు లోపల గాజు పొడి దులుపుతూ గడియారాల్ని ఒక్కొక్కటిగా చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. అందరూ ఉన్నారు, పద్నాలుగు అద్దాల వాళ్లూ. అద్దాలాయన గోనెపట్టా తప్పించి, వంగి, కింది అంచు అరచేతుల్లోకి తీసుకుని, తల తిప్పకుండానే "పట్టు బావా," అన్నాడు. ఎవరూ పట్టలేదు. "పట్టు బావా, ఒరుగుతోంది," అన్నాడు. అప్పుడు తిప్పాడు తల. ఎడమపక్క ఎవరూ లేరు, తడి నేల ఉంది, గోడ ఉంది, గోడకు మేకు ఉంది. ఆ మేకుకు ఇనపతీగలో గుచ్చిన తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉండాలి. దాని కింద చెక్కపెట్టె ముందు ఆకురాయి పట్టుకుని తాళాలాయన కూర్చుని ఉండాలి. వీధిలో దుకాణం లేనివాడు, గోడ లేనివాడు, కిటికీ లేనివాడు, ఏ వరసా లేకుండానే తనను బావా అని మొదలుపెట్టినవాడు, రెండోసారి నుంచీ ఈ పెద్ద అద్దానికి ఆ పక్క పట్టింది అతనే, మూడు అన్నాక ఎత్తుదామంటే రెండుకే ఎత్తేసేవాడు, "మూడు అననియ్యవేంటయ్యా" అంటే "రెండుకే వచ్చేసింది కదా బావా" అనేవాడు. ఇంతసేపు ఆటోలో కూర్చుని వీధి వీధంతా తలుచుకున్నాడు, అన్నదమ్ముల చీటీలు తలుచుకున్నాడు, కళ్లజోళ్లాయన జోకు తలుచుకున్నాడు, పిచ్చుకను చూశాడు, ఇతను మాత్రం ఒక్కసారి గుర్తుకు రాలేదు. అతనికి అద్దం లేదు. తను బండి పెట్టింది అతను కూర్చునే చోట, చోటు దొరికిందని సంతోషించి.

టైలరక్క తిట్టడం ఆపేసింది. "నీకు తెలీదా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆరుగురు బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఏడో మనిషి మన తాళాలాయన. ఎవరిదో బీరువా చెవి చేసి ఇవ్వడానికి స్టాపు దగ్గరికి వెళ్లాడట. ఎవరూ చెప్పలేదా నీకు?" "నేను అడగలేదక్కా," అన్నాడు. అద్దాన్ని స్టాండుకు జాగ్రత్తగా ఆనించాడు, అంత దుఃఖంలోనూ చేతులు ఆ పని సరిగ్గానే చేశాయి, తర్వాత ఆ తడి నేల మీద కూలబడి ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, నోరు తెరుచుకుని, పెద్దగా. ఏడుస్తుంటే బాగుంది, నొప్పి నొప్పిలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ లోపలే ఉంది, అది తెలిసి ఇంకా ఏడ్చాడు. స్టాపు వైపు పరుగులాంటి నడకతో వెళ్తున్న ఒక పెద్దమనిషి ఆగాడు. వాచీ చూసుకోలేదు. పక్కన వంగి, "మీవాళ్లా బాబూ?" అన్నాడు. "మా బావండీ," అన్నాడు అద్దాలాయన. ఆయన వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు, ఆయన్ని చూసి ఇంకొకావిడ ఆగింది, ఎవరట, ఎవరట అని చిన్నగా ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు.

ముక్కు తుడుచుకుని లేచాడు. "ఇల్లెక్కడ?" అన్నాడు. బాబాయ్ బేకరీ మెట్టు దిగి వచ్చాడు. "వంతెన అవతల అనుకుంటా. పొద్దుట్నించీ వెళ్దామనే అనుకుంటున్నాం రా. ఈలోగా చీపురు, పోలీసులు, నువ్వొస్తావని, అద్దాలని..." అని ఆగిపోయాడు. "పద బాబాయ్." "మరి అద్దాలు బిగించడం?" "రేపు," అన్నాడు. పదమూడు అద్దాలు గోడలకు ఆనించి, పెద్దదాన్ని స్టాండు మీదే వదిలేసి, చేతి తొడుగులు విప్పి సీటు మీద పడేశాడు. పని మధ్యలో వదిలి వెళ్లడం అతని ఒంట్లో లేదు, మావయ్య పోయిన రోజున కూడా బల్ల మీదున్నది పూర్తిచేసే లేచాడు. టైలరక్క మెడలో టేపు తీసేసి చెప్పులేసుకుని వచ్చింది, తాతగారు ఏ అద్దమూ లేని కిటికీలోంచే "నన్నొదిలేసి పోతారా, నేనూ వస్తున్నా, ఉండండి," అని కేకేశాడు, మందుల షాపు అన్నదమ్ముల్లో ఒకడు వీధికి కాపలా ఉంటానన్నాడు, ఇంకొకడు బయల్దేరాడు. ఎండ బాగానే ఉంది. వంతెన మీదికి ఎక్కుతుండగా అద్దాలాయన, "ఇంట్లో ఎవరెవరున్నారక్కా అతనికి?" అని అడిగాడు. టైలరక్క కొంగు నడుముకు దోపుకుంది.

"తెలీదు," అంది. "వెళ్లి అడుగుదాం పద."